డాక్టరు లేని ఊళ్లో వైద్యం చేసే నర్సు: ఎఫ్‌ఎన్‌పీ హద్దులు ఎవరు గీస్తారు?

అమెరికాలో పెద్ద నగరాలకు దూరంగా, చిన్న ఊళ్లలో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు క్లినిక్‌లో ఒక అయోమయం తప్పదు. బీపీ మాత్రలు అయిపోయాయనో, దగ్గు తగ్గడం లేదనో వెళ్తారు. ఒకావిడ వచ్చి గుండె, ఊపిరితిత్తులు విని, రక్తపరీక్ష రాసి, మందుల చీటీ కంప్యూటర్లోంచే ఫార్మసీకి పంపేస్తుంది. తాను ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌నని, అంటే ఎఫ్‌ఎన్‌పీనని చెబుతుంది. ఇంటికొచ్చాక పెద్దాయన అడిగేది ఒక్కటే: "డాక్టరు ఎప్పుడు చూస్తాడట?" చూడాల్సినావిడ చూసేసిందని చెబితే నమ్మకం కుదరదు.

కుదరకపోవడానికి కారణం ఉంది. నర్సు మందు రాయడం మనకు అలవాటు లేదు. అక్కడివాళ్లకు కూడా ఈ వ్యవహారం పూర్తిగా అర్థమైందని చెప్పలేం. ఒకే చదువు చదివిన నర్స్ ప్రాక్టీషనర్ ఒక రాష్ట్రంలో సొంతంగా క్లినిక్ నడుపుతుంది, పక్క రాష్ట్రంలో డాక్టరుతో ఒప్పందం లేకపోతే మామూలు యాంటీబయోటిక్ కూడా రాయలేదు. ఆమె పనికి నలుగురు నాలుగు వైపుల నుంచి హద్దులు గీస్తారు: సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు, రాష్ట్ర చట్టం, డబ్బు చెల్లించే మెడికేర్ లాంటి కేంద్ర పథకాలు, చివరగా ఆ క్లినిక్‌కున్న పరికరాలు, దూరాలు. ఈ నాలుగింటినీ కలిపేసి మాట్లాడటంతోనే సగం గందరగోళం పుడుతుంది.

మామూలు నర్సుకూ ఎఫ్‌ఎన్‌పీకీ తేడా

ఆసుపత్రి వార్డులో ఇంజెక్షన్లు ఇచ్చే, రోగిని కనిపెట్టుకుని ఉండే నర్సు రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్‌ఎన్. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చేసి, ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్ష రాసి అమెరికా వెళ్లేవాళ్లు ఈ స్థాయిలోనే చేరతారు. ఆర్‌ఎన్ రోగనిర్ధారణ చేయదు, మందు రాయదు.

ఆర్‌ఎన్ లైసెన్సు మీద మాస్టర్స్ గానీ, డీఎన్‌పీ అనే డాక్టరేట్ గానీ చేసి, జాతీయ పరీక్ష పాసై, రాష్ట్రం నుంచి మరో లైసెన్సు తీసుకుంటే నర్స్ ప్రాక్టీషనర్, అంటే ఎన్‌పీ. అందులో పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అన్ని వయసులవాళ్లకూ ప్రాథమిక వైద్యం చేసేలా శిక్షణ పొందినవాళ్లు ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్లు, ఎఫ్‌ఎన్‌పీలు. పిల్లలకు, మహిళలకు, మానసిక వైద్యానికి విడివిడి ఎన్‌పీలు ఉన్నా చిన్న ఊరు వాళ్లందరినీ పోషించలేదు. అన్ని వయసులూ చూడగలిగే మనిషి ఒక్కరు కావాలి కాబట్టి అక్కడ కనిపించేది ఎక్కువగా ఎఫ్‌ఎన్‌పీయే.

ఈ వృత్తి పుట్టింది 1965లో, కొలరాడో విశ్వవిద్యాలయంలో. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి శిక్షణ మొదలుపెట్టారు. పిల్లల డాక్టర్లు చాలని చోట్ల ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని పరీక్షించడం, టీకాలు, చిన్నాచితకా జబ్బులు చూడటం అప్పటి లక్ష్యం. అదే ఏడాది వృద్ధుల కోసం మెడికేర్, పేదల కోసం మెడికెయిడ్ చట్టమయ్యాయి. ఒక్కసారిగా వైద్యం అడిగేవాళ్లు పెరిగారు, చేసేవాళ్లు పెరగలేదు. ఇప్పుడు అక్కడ లైసెన్సున్న ఎన్‌పీలు 4 లక్షలకు పైమాటే, వాళ్లలో ఎక్కువమంది ఎఫ్‌ఎన్‌పీలు.

మన పల్లెల్లోని ఆర్‌ఎంపీ డాక్టర్లతో వీళ్లను పోల్చేవాళ్లున్నారు. ఆ పోలిక కుదరదు. ఆర్‌ఎంపీ అని మనం పిలిచే మనిషికి చాలాసార్లు డిగ్రీ ఉండదు, లైసెన్సు ఉండదు, తప్పు జరిగితే జవాబు చెప్పించే మండలి ఉండదు. ఎఫ్‌ఎన్‌పీకి ఇవన్నీ ఉంటాయి. జాతీయ సర్టిఫికెట్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి కూడా.

శిక్షణ గంటల దగ్గర అసలు తగువు

డాక్టర్ల సంఘాలు ఎత్తిచూపే అంకె ఇదే. ఎన్‌పీ కోర్సులో రోగుల్ని నేరుగా చూసే శిక్షణ చాలాకాలం కనీసం 500 గంటలు ఉండేది. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాలు దాన్ని 750కి పెంచాయి. ఫ్యామిలీ డాక్టరు నాలుగేళ్ల మెడికల్ స్కూలు అయ్యాక మూడేళ్లు రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, చేస్తాడు, అందులో వారానికి గరిష్ఠ పరిమితే 80 గంటలు. మొత్తం కలిపితే పది వేల గంటలు దాటిపోతుంది.

నర్సుల సంఘాల జవాబు: కోర్సులో చేరేముందు ఆర్‌ఎన్‌గా చేసిన ఏళ్లు ఈ లెక్కలోకి రాలేదు. పదేళ్లు ఎమర్జెన్సీలో చేసిన నర్సుకు ఈ మాట అచ్చంగా వర్తిస్తుంది. అయితే ఆర్‌ఎన్ అనుభవం లేకుండానే నేరుగా చేర్చుకునే కోర్సులూ ఉన్నాయి, పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో చెప్పి, దగ్గరుండి నేర్పే డాక్టరునో ఎన్‌పీనో విద్యార్థినే వెతుక్కోమనే కాలేజీలూ ఉన్నాయి. వీటి మీద ఫిర్యాదు చేసేవాళ్లలో అనుభవజ్ఞులైన ఎన్‌పీలే ముందుంటారు. కాబట్టి పేరు పక్కన ఒకే అక్షరాలున్న ఇద్దరి మధ్య పనితనంలో చాలా దూరం ఉండొచ్చు. డాక్టర్లకు రెసిడెన్సీ ఈ దూరాన్ని కొంత సరిచేస్తుంది. ఎన్‌పీలకు అలాంటి తప్పనిసరి మెట్టు లేదు.

సరిహద్దుకు అటూ ఇటూ

రాష్ట్రాలు ఎన్‌పీల విషయంలో మూడు రకాలు. కొన్ని రోగనిర్ధారణ, చికిత్స, మందుల చీటీ అన్నీ ఎన్‌పీ సొంత లైసెన్సు మీదే చేయనిస్తాయి. దీన్ని పూర్తి అధికారం అంటారు. సగానికి పైగా రాష్ట్రాలు ఈ జాబితాలోకి వచ్చేశాయి. కొన్ని ఏదో ఒక పనికి, మామూలుగా మందులు రాయడానికి, డాక్టరుతో ఒప్పందం అడుగుతాయి. ఇంకొన్ని ఉద్యోగకాలమంతా డాక్టరు పర్యవేక్షణ ఉండాలంటాయి. మధ్యేమార్గాలూ ఉన్నాయి. న్యూయార్క్ 3,600 గంటల పని అనుభవం తర్వాత సడలిస్తుంది. కాలిఫోర్నియా 2020లో చేసిన ఏబీ 890 చట్టంతో ముందు డాక్టరున్న చోట స్వతంత్రంగా పనిచేసే అనుమతి, అలా మూడేళ్లు చేశాక విడిగా క్లినిక్ పెట్టుకునే అనుమతి అని రెండంచెలు పెట్టింది.

టెక్సస్, న్యూమెక్సికో సరిహద్దులో ఫార్వెల్, టెక్సికో అని రెండు చిన్న ఊళ్లున్నాయి. గీత మీదే పక్కపక్కన ఉంటాయి, ఫార్వెల్ టెక్సస్‌లో, టెక్సికో న్యూమెక్సికోలో. రెండు ఊళ్లలోనూ ఒక్కో ఎఫ్‌ఎన్‌పీ ఉందనీ, ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారనీ అనుకుందాం. ఎనిమిదేళ్ల బాబుకు ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య. ఏడాదిగా మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్నాడు, మందు అయిపోయింది.

న్యూమెక్సికో వైపు ఎఫ్‌ఎన్‌పీకి ఇది మామూలు పని. బరువు, ఎత్తు, బీపీ, నాడి చూస్తుంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో అడుగుతుంది, ప్రిస్క్రిప్షన్ల డేటాబేసులో బాబు మరెక్కడైనా ఇదే మందు తీసుకున్నాడేమో చూస్తుంది, నియంత్రిత మందులు రాయడానికి కేంద్ర సంస్థ డీఈఏ ఇచ్చే తన రిజిస్ట్రేషన్ మీద మందు రాస్తుంది.

టెక్సస్ వైపు ఎఫ్‌ఎన్‌పీ అదంతా చేసి కూడా చీటీ దగ్గర ఆగిపోతుంది. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ 2 మందు, అంటే దుర్వినియోగమయ్యే ప్రమాదం ఎక్కువని గట్టిగా నియంత్రించేది. టెక్సస్ చట్టం ప్రకారం ఎన్‌పీ షెడ్యూల్ 2 మందుల్ని ఆసుపత్రిలోనో, చివరి దశ రోగుల హాస్పిస్‌లోనో తప్ప రాయకూడదు. షెడ్యూల్ 3 నుంచి 5 దాకా ఉన్నవి రాయొచ్చు, అవీ 90 రోజులకు మించకుండా. రెండేళ్లలోపు పిల్లలకైతే ముందు డాక్టరును సంప్రదించాలి. వీటన్నిటికీ అడుగున డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాన్ని ఏటా సమీక్షించాలి, నెలకోసారైనా ఇద్దరూ రోగుల రికార్డుల మీద కూర్చోవాలి. డాక్టరు అదే ఊళ్లో ఉండాలని మాత్రం చట్టం అడగదు.

డాక్టరు వందల మైళ్ల అవతల ఉండి నెలకోసారి వీడియోలో మాట్లాడితే అది పర్యవేక్షణ ఎలా అవుతుందని ఎన్‌పీలు అడుగుతారు. ఆ సేవకు డాక్టరుకు నెలనెలా రుసుము కట్టాలి, కొన్నిచోట్ల అది వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆ డాక్టరు రిటైరైనా, చనిపోయినా, ఒప్పందం వద్దనుకున్నా ఎన్‌పీ మందులు రాయడం ఆ రోజే ఆగిపోతుంది. ఊళ్లో షుగర్, బీపీ రోగులందరి రీఫిల్స్ ఒక్కసారిగా నిలిచిపోతాయి. చిన్న క్లినిక్కుల్లో తరచూ వచ్చిపడే గండం ఇదే. డాక్టర్ల వైపు వాదనలోనూ పస ఉంది. తేడా కేసు తగిలినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి ఉండటం, తన రికార్డులు మరొకరు చదువుతున్నారని తెలియడం, కొత్తగా చేరిన ఎన్‌పీకి మేలే చేస్తాయి.

ఆర్‌ఎన్ లైసెన్సుకు రాష్ట్రాల మధ్య ఉమ్మడి ఒప్పందం ఉంది. టెక్సస్ ఆర్‌ఎన్ గీత దాటి న్యూమెక్సికోలో పనిచేయొచ్చు. ఎన్‌పీ మాత్రం రెండో రాష్ట్రంలో విడిగా లైసెన్సు తీసుకోవాలి. ఫోన్లోనో వీడియోలోనో చూసినా వర్తించేది రోగి కూర్చున్న రాష్ట్రం చట్టమే.

చిన్న ఊరి క్లినిక్కు లెక్క వేరు

1977లో అమెరికా గ్రామీణ ఆరోగ్య క్లినిక్కుల చట్టం చేసింది. పట్టణం కాని, వైద్యుల కొరత ఉందని ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో క్లినిక్ ఉండాలి. కొరత అంటే మామూలుగా 3,500 మంది జనాభాకు ఒక్క ప్రాథమిక వైద్యుడైనా లేకపోవడం. క్లినిక్ తెరిచి ఉన్న సమయంలో కనీసం సగం సేపు ఎన్‌పీ గానీ, ఫిజీషియన్ అసిస్టెంట్ గానీ, మిడ్‌వైఫ్ గానీ రోగుల్ని చూడాలి. అంటే ఇక్కడ ఎన్‌పీని పెట్టుకోవడం యాజమాన్యం ఇష్టానికి వదిలిన విషయం కాదు. అదే సమయంలో వైద్యపరమైన దిశ చూపడానికి ఒక డాక్టరు కూడా ఉండాలంటుంది చట్టం. రాష్ట్రం పూర్తి అధికారం ఇచ్చినా ఈ క్లినిక్కుకు డాక్టరు పేరు తప్పదు. రాష్ట్రం వదులు చేసిన ముడిని కేంద్రం మళ్లీ బిగించినట్టన్నమాట.

మూత్ర పరీక్ష, రక్తంలో షుగర్, గర్భ పరీక్ష, మలంలో రక్తం ఉందేమో చూడటం లాంటివి క్లినిక్‌లోనే చేయగలగాలి. మిగతావి పెద్ద ల్యాబుకు వెళ్తాయి, ఫలితం మర్నాడో ఆ మర్నాడో వస్తుంది.

గుంటూరు నుంచి ఆరు నెలలకు వచ్చిన 64 ఏళ్ల పెద్దాయన కేసు చూద్దాం. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, విల్డాగ్లిప్టిన్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్. తెచ్చుకున్నవి అయిపోయాయి. చేతిలో ఉన్నది ఖాళీ స్ట్రిప్, దాని మీద కొట్టొచ్చినట్టు కనిపించేది మన బ్రాండు పేరు. క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరు దొరకదు, లోపలి మందు పేరు కావాలి. అది దొరికాక రెండో చిక్కు: విల్డాగ్లిప్టిన్‌కు అమెరికాలో అనుమతే లేదు. గ్లిక్లాజైడ్, టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్ లాంటి మన ఇళ్లలో రోజూ వినబడే మందులదీ అదే సంగతి. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ మామూలుగా దొరుకుతాయి.

ఎఫ్‌ఎన్‌పీ వేలి చుక్కతో షుగర్, యంత్రం ఉంటే మూడు నెలల సగటు షుగర్ చూస్తుంది. క్రియాటినిన్‌కు రక్తం పంపుతుంది, ఎందుకంటే మూత్రపిండాల వడపోత సూచిక ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఇవ్వకూడదు, 30 నుంచి 45 మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదు. విల్డాగ్లిప్టిన్ బదులు అదే జాతి సిటాగ్లిప్టిన్ రాయొచ్చు గానీ బ్రాండు మందు ధర ఎక్కువ, పెద్దాయనకు మెడికేర్ లేదు, విజిటర్ ఇన్సూరెన్సులు ముందే ఉన్న జబ్బులకు మామూలుగా డబ్బివ్వవు. చవకైన గ్లిపిజైడ్ ఉంది. దాంతో షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది, పైగా ఈయన శనివారం ఉపవాసం ఉంటాడు. ఆ ముక్క అడిగి తెలుసుకోవడంలోనే మంచి ఎఫ్‌ఎన్‌పీ తెలిసిపోతుంది. షుగర్ బాగా అదుపులో ఉంటే మిగిలిన నెలలు ఒక్క మెట్‌ఫార్మిన్‌తో గడిపి, నాలుగు వారాలకు మళ్లీ చూడటం కూడా ఒక దారి.

ఇక్కడిదాకా ఫ్యామిలీ డాక్టరు చేసేదీ ఇదే. తేడా రావలసింది ఇంకోచోట. అదే పెద్దాయన ఛాతీ బరువుగా ఉంది, చెమటలు పడుతున్నాయని వచ్చాడనుకుందాం. ఎఫ్‌ఎన్‌పీ ఈసీజీ తీస్తుంది, అలర్జీ, రక్తస్రావం లేకపోతే 81 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నాలుగు నమిలిస్తుంది, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయిస్తుంది. ఈసీజీ బాగానే ఉంది కదా, రక్తపరీక్ష పంపి రేపు చూద్దాం అనుకోవడం చిన్న క్లినిక్‌లో జరిగే పెద్ద తప్పు. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని తేలదు. దగ్గరున్నది చాలాచోట్ల 25 పడకలకు మించని క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రి. యాంజియోప్లాస్టీ చేసే చోటికి రెండు గంటల్లోపు చేర్చలేమనుకుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి పంపుతారు. ఈ దూరాల లెక్క ఎఫ్‌ఎన్‌పీకి ముందే తెలిసి ఉండాలి.

ఇదే చిన్న ఆసుపత్రి రాత్రి ఎమర్జెన్సీలో ఎఫ్‌ఎన్‌పీనే కూర్చోబెట్టడం మామూలే. పిలిస్తే వచ్చేలా ఎన్‌పీ అందుబాటులో ఉంటే చాలని కేంద్ర నిబంధన ఒప్పుకుంటుంది. కానీ ఎఫ్‌ఎన్‌పీ సర్టిఫికెట్ ప్రాథమిక వైద్యానిది. శ్వాసనాళంలో గొట్టం వేయడం ఆ శిక్షణలో లేదు. రాష్ట్రం వద్దనలేదు, ఆసుపత్రి రమ్మంది, బోర్డు నేర్పలేదు. తేడా వస్తే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కోర్టుదాకా వెళ్లేది ఇలాంటి చోట్లే.

వంద డాలర్లు, ఎనభై ఐదు డాలర్లు

మామూలు క్లినిక్‌లో డాక్టరు చూస్తే మెడికేర్ లెక్కలో 100 డాలర్లయ్యే పనికి ఎన్‌పీ చూస్తే 85 మాత్రమే. అందులో 80 శాతం, అంటే 68 డాలర్లు మెడికేర్ ఇస్తుంది, 17 డాలర్లు రోగి కట్టాలి. డాక్టరు ముందే చికిత్స ప్రణాళిక వేసి, పర్యవేక్షణకు అందుబాటులో ఉంటే అదే ఎన్‌పీ పనికి డాక్టరు పేరు మీద వందకు వంద బిల్లు చేయొచ్చు. దీనివల్ల ఎన్‌పీలు చేసిన పనిలో కొంత లెక్కల్లో డాక్టర్ల ఖాతాలో పడిపోయింది, వాళ్ల పనితీరు మీద అధ్యయనాలు చేసేవాళ్లకు ఇదొక తలనొప్పి. గ్రామీణ ఆరోగ్య క్లినిక్‌లో ఈ తేడా లేదు. ఎవరు చూసినా రోగి రాకకు ఒకటే మొత్తం.

డబ్బిచ్చేవాళ్లు గీసిన గీతల్లో కొన్ని వింతగా ఉంటాయి. ఇంటికి నర్సును పంపే సేవకు 2020 నుంచి ఎన్‌పీ సంతకం చెల్లుతుంది. షుగర్ రోగి పాదాలకు వేసే ప్రత్యేక బూట్లకు మాత్రం మెడికేర్ డాక్టరు ధ్రువీకరణే అడుగుతుంది. ఇన్సులిన్ మొదలుపెట్టగలిగిన మనిషి బూట్లకు సంతకం చేయలేదు. దీన్ని సమర్థించే వైద్యపరమైన కారణం కనిపించదు.

అధ్యయనాలు ఎంతవరకు చెబుతాయి

ఎన్‌పీల పక్షం ఎక్కువగా చూపేది 2000లో అమెరికా మెడికల్ అసోసియేషన్ పత్రికలోనే వచ్చిన న్యూయార్క్ అధ్యయనం. 1,316 మంది రోగుల్ని లాటరీ పద్ధతిలో డాక్టర్లకు, ఎన్‌పీలకు పంచారు. ఆరు నెలల తర్వాత ఆరోగ్యంలో తేడా కనిపించలేదు. ప్రాథమిక వైద్యంలో డాక్టర్ల బదులు నర్సులు చేసిన 18 ప్రయోగాలను కలిపి 2018లో వైద్య అధ్యయనాల్ని బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష కూడా ఫలితాలు సమానంగానో కాస్త మెరుగ్గానో ఉన్నాయని తేల్చింది. నర్సులు రోగితో ఎక్కువసేపు గడుపుతారనీ, రోగులు తృప్తిగా ఉంటారనీ చెప్పింది.

డాక్టర్ల పక్షం చూపేది మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీల మీద 2022లో ఆర్థికవేత్తలు వెలువరించిన అధ్యయనం. అక్కడ పర్యవేక్షణ లేకుండా ఎన్‌పీలు చూసినప్పుడు రోగులు ఎక్కువసేపు ఉండాల్సి వచ్చింది, తప్పించగలిగిన ఆసుపత్రి చేరికలు పెరిగాయి, కేసు క్లిష్టమయ్యేకొద్దీ తేడా పెరిగింది.

రెండూ నిజం కావచ్చు. మొదటి రకం అధ్యయనాలు ఎక్కువగా తెలిసిన జబ్బుల్ని నెలల తరబడి చూసుకునే పని మీద జరిగాయి, రెండోది ఎమర్జెన్సీలో జరిగింది. చిన్న ఊరి ఎఫ్‌ఎన్‌పీ పని చాలావరకు మొదటి రకం, అప్పుడప్పుడు రెండోది. పైగా ఆ ఊళ్లో ఎన్‌పీని పోల్చాల్సింది డాక్టరుతోనా, గంటన్నర ప్రయాణంతోనా అన్నది ఏ అధ్యయనమూ తేల్చేది కాదు, ఆ ఊరి పరిస్థితిని బట్టి ఉంటుంది. పూర్తి అధికారం ఇస్తే ఎన్‌పీలంతా పల్లెలకు పోతారన్న వాదన కూడా అతిగానే ఉంది. డాక్టర్లకంటే వాళ్లు పల్లెల్లో ఎక్కువ శాతం ఉన్న మాట నిజమే గానీ, ఎక్కువమంది ఉండేది నగరాల్లోనే.

మన పల్లెల్లో ఎంఎల్‌హెచ్‌పీ

ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్కుల్లో, తెలంగాణ పల్లె దవాఖానాల్లో కనిపించే ఎంఎల్‌హెచ్‌పీలు, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు, మనకున్న దగ్గరి పోలిక. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చినప్పుడు ఈ కొలువు వచ్చింది. వేరే రాష్ట్రాల్లో సీహెచ్‌ఓ, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అంటారు. బీఎస్సీ నర్సింగ్ లాంటి చదువు మీద ఆరు నెలల సామాజిక ఆరోగ్య శిక్షణ అన్నది మూల నమూనా. తెలంగాణలో కొన్నిచోట్ల ఎంబీబీఎస్‌లు, ఆయుర్వేద వైద్యులు కూడా ఈ కొలువులో ఉన్నారు.

30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష వీళ్ల ముఖ్యమైన పని. ఎఫ్‌ఎన్‌పీతో తేడా వచ్చేది బీపీ 160 దాటిన మనిషి ఎదురైనప్పుడు. అక్కడ ఆమె మందు మొదలుపెట్టేస్తుంది. ఇక్కడ ఎంఎల్‌హెచ్‌పీ పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపాలి, లేదా ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో డాక్టరును వీడియోలో కలపాలి. ఈ పద్ధతి 2019 నవంబరులో మొదలైంది ఆంధ్రప్రదేశ్‌లోనే. డాక్టరు రాశాక నెలనెలా మాత్రలు ఇవ్వడం, బీపీ చూస్తూ ఉండటం ఎంఎల్‌హెచ్‌పీ చేతిలో పని. గొలుసు తెగేది నెట్ లేనప్పుడు, అవతల డాక్టరు దొరకనప్పుడు, లేదా ఉపకేంద్రంలో ఆ మాత్ర నిండుకున్నప్పుడు. నిండుకుంటే రోగి మందుల షాపుకు వెళ్లి చీటీ లేకుండా ఏదో ఒకటి కొనుక్కుంటాడు.

మందు రాసే అధికారాన్ని 2019 జాతీయ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో ప్రస్తావించింది. ఆధునిక వైద్యంతో సంబంధమున్నవాళ్లకు సామాజిక ఆరోగ్య ప్రదాతగా పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చు. వాళ్ల సంఖ్య లైసెన్సున్న డాక్టర్లలో మూడో వంతు దాటకూడదు. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్ణయించిన మందులు సొంతంగా రాయొచ్చు, మిగతావి డాక్టరు పర్యవేక్షణలోనే. ఆ ఏడాది ఇండియన్ మెడికల్ అసోసియేషన్ సమ్మెకు దిగిన కారణాల్లో ఈ సెక్షన్ ఒకటి. అర్హత ఏమిటి, ఎంత కాలానికి, ఏ షరతులతో అన్నవి చట్టంలో లేవు, నిబంధనలకు వదిలేశారు.